కప్పు మ్యాచ్‌లు నావి

ఆగస్టు 9

కొత్త కోచ్ ఈరోజు ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి మాట్లాడాడు. నా వంతు వచ్చేసరికి భోజనాల వేళయింది. నన్ను గదిలోకి పిలవలేదు. కారిడార్‌లో, కాఫీ మెషిన్ దగ్గర, ఫోన్ చూసుకుంటూనే చెప్పేశాడు. లీగ్ మ్యాచ్‌లు పొడుగోడివి, కప్పు మ్యాచ్‌లు నీవి అన్నాడు. సరేనన్నాను. ఏమైనా అడగాలా అన్నాడు. లేదన్నాను. అప్పటికే కాఫీ తీసుకుని రెండడుగులు వేశాడు.

పొడుగోడంటే మా ఒకటో నంబరు గోల్‌కీపర్. ఇరవై మూడేళ్ళవాడు. కీపర్లందరం పొడుగే, కానీ వాడు మా ఇంటి గుమ్మం దాటాలంటే వంగాలి. నేను రెండో నంబరు. నాకు ముప్పై నాలుగు.

లీగ్‌లో ఓడితే వచ్చే వారం ఇంకో మ్యాచ్ ఉంటుంది. కప్పులో ఒక్కటి ఓడితే ఇంటికే. మాలాంటి క్లబ్బు మొదటి రౌండులోనో రెండో రౌండులోనో ఇంటికొచ్చేస్తుంది. అందుకే కప్పు మ్యాచ్‌లు రెండో కీపర్‌కి పడేస్తారు. ఏ క్లబ్బులోనైనా ఇదే ఆనవాయితీ. ఏడాదికొక మ్యాచ్, బాగుంటే రెండు. మిగతా కాలమంతా బెంచీ.

మా ఆవిడకి చెప్పాను. అయితే ఈ ఏడు కూడా ఒక్కరోజు నీ బట్టలకి మట్టి అంటుతుందన్నమాట అంది.

ఆగస్టు 28

మొదటి రౌండ్. కింది డివిజన్ జట్టు, వాళ్ళ గ్రౌండులో. గోల్ వెనక కంచె. కంచె అవతల ఆవులు మేస్తున్నాయి. సెకండాఫ్ అంతా ఒక ఆవు నెమరేస్తూ నన్నే చూసింది. దాని పక్కనే ఒక ముసలాయన, తాతా నడుం జాగ్రత్త, తాతా వంగితే లేవలేవు అని విసుగు లేకుండా అరిచాడు. ఆయనకి డెబ్భై ఉంటాయి.

1-0 గెలిచాం. నాకు పని పడింది ఒక్కసారి. చెయ్యి అందింది.

బస్సులోంచి అన్నయ్యకి ఫోన్ చేశాను. పాలు పితుకుతూ స్పీకర్‌లో పెట్టాడు. గోల్ వెనక ఆవులున్నాయని చెప్తే ఏ రకం, పొదుగులెలా ఉన్నాయి అని అడిగాడు. స్కోరు అడగలేదు.

సెప్టెంబర్ 25

రెండో రౌండ్. శనివారం లీగ్ మ్యాచ్ ఉందని అసలు ఆటగాళ్ళందరికీ సెలవిచ్చి పిల్లకాయల్ని దింపాడు కోచ్. త్వరగా ఓడిపోయి పని చూసుకుందామన్నది ఆయన లెక్క. పైకి ఎవరూ అనలేదు. 1-1 దగ్గర ఆగి పెనాల్టీలకి వెళ్ళింది. నేను రెండు ఆపాను.

డ్రెస్సింగ్ రూమ్‌లో సంతోషించింది ఆ పిల్లకాయలే. ఫిట్‌నెస్ ట్రెయినర్ గోడమీద క్యాలెండర్ ముందు నిలబడి తల పట్టుకున్నాడు. మూడో రౌండ్ పడిన వారంలో లీగ్ మ్యాచ్‌లు రెండున్నాయట. మ్యాచ్ చూడ్డానికి వచ్చిన కెప్టెన్, అన్నా, ఒక్కటైనా వదిలిపెట్టొచ్చుగా అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది జోకు కాదని ఇంటికొచ్చాక గానీ తట్టలేదు.

అక్టోబర్ 13

ఆదివారం. బట్టలారేసే స్థలంలో పాపతో ఆట. రెండు స్తంభాల మధ్య నేను. దానికి ఆరేళ్ళు. కొట్టేముందే చెప్పేస్తుంది. నాన్నా, గోడవైపు కొడతాను. గోడవైపే కొడుతుంది. గేటువైపు అంటే గేటువైపే. ఇంకోలా చెప్పొచ్చని దానికింకా తెలియదు. నేను అటే దూకుతాను గానీ కొంచెం ఆలస్యంగా దూకుతాను. గోల్ అయ్యాక అది పెరడంతా పరుగెడుతుంది.

మా ఆవిడ కిటికీలోంచి, ఇలా దూకేవాణ్ణి బెంచీ మీద కాక ఇంకెక్కడ కూర్చోబెడతారు అంది.

నవంబర్ 3

లీగ్‌లో వరసగా నాలుగో ఓటమి. నేను బెంచీ మీద. వాన.

నవంబర్ 20

కీపర్ల ట్రెయినింగ్ విడిగా ఉంటుంది. మిగతా జట్టు లోపలికి వెళ్ళి వేడినీళ్ళన్నీ ఖర్చుపెట్టాక కూడా మేం ముగ్గురం మూల గోల్ దగ్గర బురదలో పొర్లుతుంటాం. మాష్టారు, పొడుగోడు, నేను. మాష్టారు మాకు కోచ్. ఆయనా తన కాలంలో రెండో నంబరే. మోకాళ్ళు రెండూ పోయాయి. మడతకుర్చీలో కూర్చుని బంతులు విసురుతాడు.

పొడుగోడు చెడ్డవాడు కాడు. ఇది రాసుకోవాలి. చేరిన కొత్తలో గ్లవ్స్ హీటర్ మీద ఆరబెట్టి పగలగొట్టుకునేవాడు. గోరువెచ్చని నీళ్ళలో ఉతికి నీడన ఆరెయ్యాలని నేనే చెప్పాను. జనంలోకి ఎగిరేటప్పుడు ఒక మోకాలు ముందుకు పెట్టమని నేనే చెప్పాను. ఆదివారాలు మా ఇంట్లో తింటాడు. పాప బాబాయ్ అంటుంది. శనివారం మ్యాచ్ ముందు అరగంట వాడికి బంతులు కొట్టి ఒళ్ళు వేడెక్కించేది నేనే. వాడు బాగా ఆడితే మాష్టారు నా వీపు కూడా తడతాడు. వాడు బాగా ఆడినన్నాళ్ళూ నేను ఆడను. ఈ ఉద్యోగంలో ఇదొక్కటే తిరకాసు.

డిసెంబర్ 11

మూడో రౌండ్. మా గ్రౌండ్. మ్యాచ్ ముందు కోచ్ నా పక్కకొచ్చి కూర్చున్నాడు. మోకాళ్ళు జాగ్రత్త, అనవసరంగా ఎదుటివాళ్ళ కాళ్ళమీద పడకు, మనకి లీగే ముఖ్యం అన్నాడు. ఆటకి దిగబోయే కీపర్‌కి చెప్పే మాటేనా అది.

2-1 గెలిచాం. ఆఖర్లో వాళ్ళ స్ట్రైకర్ కాళ్ళమీదే పడి బంతి లాక్కున్నాను. పై పెదవి చిట్లింది. డాక్టర్ కుట్లు వేస్తుంటే ఛైర్మన్ లోపలికొచ్చాడు. ఆయన డ్రెస్సింగ్ రూమ్‌కి రావడం నేను చూళ్ళేదెప్పుడూ. అందరికీ చెయ్యిచ్చాడు. నా దగ్గరికొచ్చి, ఈయనెవరు అని కోచ్‌ని అడిగాడు. నాలుగేళ్ళుగా ఈ క్లబ్బులోనే ఉన్నాను.

జనవరి 23

క్వార్టర్ ఫైనల్. మాకంటే చాలా పెద్ద జట్టు. గెలిచాం. రెండోసారి రాసుకుంటాను. గెలిచాం.

స్టాండ్స్‌లో దుప్పటి మీద పెయింట్‌తో రాసి వేలాడదీశారు: కప్పు మ్యాచ్‌లు తాతవి. కంచె దగ్గరి ముసలాయన మాట ఎవరి ద్వారా ఇంతదూరం వచ్చిందో. మ్యాచ్ అయ్యాక తాతా తాతా అని గ్రౌండంతా పాడింది. మా ఆవిడ తలుపు తీసి, రండి తాతగారూ అంది. ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఆ ముఖం చూసి చాలాకాలమైంది.

జనవరి 24

మోకాళ్ళు జాగ్రత్త అన్న కోచ్ టీవీలో కనబడ్డాడు. మేం మొదటినుంచీ కప్పుని ఎంతో సీరియస్‌గా తీసుకున్నాం అన్నాడు. మా ఆవిడ టీవీ ముందు నిలబడి చప్పట్లు కొట్టింది.

ఫిబ్రవరి 8

నిన్నటి మ్యాచ్‌లో బెంచీ మీద పొడుగోడున్నాడు కదా, కాళ్ళు గడ్డకట్టాయట. నువ్వెలా కూర్చుంటావన్నా అని అడిగాడు. బూట్లలో న్యూస్‌పేపర్ పెట్టుకోమని చెప్పాను. కాసేపాగి, సెమీఫైనల్ పెద్ద స్టేడియంలోనా అన్నాడు. అవునన్నాను. ప్లేటులో గుడ్డు చల్లారిపోయేదాకా దాన్నే కెలికాడు.

*(నిన్న అని రాశాను. అది క్వార్టర్ ఫైనల్. నాకు అదింకా నిన్నలాగే ఉంది.)*

మార్చి 19

సెమీఫైనల్. 1-0.

నా జీవితంలో ఇంతకంటే బాగా ఎప్పుడూ ఆడలేదు. ఇక ఆడను కూడా. ఏది ఎలా ఆపానో రాయాలని కూర్చున్నాను గానీ చేతులు రాయడం లేదు. బంతి వచ్చింది, నేను అక్కడున్నాను. అంతే. ఆఖరి విజిల్ పడ్డాక మాష్టారు కుర్చీ వదిలేసి కుంటుకుంటూ మధ్య గీత దాకా వచ్చాడు. నా గ్లవ్స్ విప్పి తన జేబులో పెట్టుకుని, ఉతికి ఇస్తానన్నాడు.

రిపోర్టర్ ఒకడు కోచ్‌ని ఫైనల్లో కీపర్ ఎవరని అడిగాడు. ఇంకా టైముంది, చూద్దాం అన్నాడు.

ఆగస్టులో చూద్దాం అనలేదు.

మార్చి 20

అన్నయ్య ఫోన్ చేశాడు. ఆయనంతట ఆయన చెయ్యడమే వింత. ఫైనల్‌కి వస్తానన్నాడు. ఆవుల్ని పక్కింటాయనకి అప్పజెప్పి రెండు రోజులుంటాడట. నాన్న పోయిన రోజు కూడా సాయంత్రం పాలు పితికాకే ఏడ్చినవాడు. నీది ఉద్యోగమా, కూర్చోవడమా అని ఇన్నేళ్ళూ అన్నవాడు. మంచి సీటు తియ్యమన్నాడు, గోల్ వెనక, నువ్వు బాగా కనబడాలి అన్నాడు.

తీస్తానన్నాను.

ఏప్రిల్ 2

రెండో సెమీఫైనల్ టీవీలో చూశాను. ఫైనల్లో మాకు ఎదురొచ్చేది నా పాత క్లబ్బు. ఆరేళ్ళున్నాను అక్కడ. అక్కడా బెంచీయే. రోజూ ట్రెయినింగ్ అయ్యాక వాళ్ళు పెనాల్టీలు కొడుతుంటే ఆపడమే నా పని. ఎవరికి ఏ వైపు ఇష్టమో నా మోకాళ్ళకి తెలుసు.

ఏప్రిల్ 27

లీగ్‌లో ఇక కింది డివిజన్‌కి పడిపోయే భయం లేదని తేలింది. బస్సంతా పాటలు. కెప్టెన్ సీట్లమీదెక్కి గంతులేశాడు. నేనూ చప్పట్లు కొట్టాను. సగం దారిలో ఒక సంగతి తోచి చేతులు ఆగాయి. పొడుగోణ్ణి ఇన్నాళ్ళూ లీగ్ కోసం దాచారు. ఇప్పుడు దాచాల్సిన పని లేదు. మిగిలిన పెద్ద మ్యాచ్ ఫైనలొక్కటే.

ముందు సీట్లో మాష్టారున్నాడు. పిలిచాను. నిద్రపోతున్నట్టు పడుకున్నాడు.

మే 8

చెప్పేశాడు. ట్రెయినింగ్ అయ్యాక, కార్లు పెట్టే చోట. ఫైనల్ పొడుగోడిది.

ఛైర్మన్ అడుగుతున్నాడట. ఓడితే ఒకటో నంబరుని ఎందుకు పెట్టలేదని పేపర్లు తనని తింటాయట. ఇందులో నీ తప్పేం లేదు అన్నాడు. నువ్వు అర్థం చేసుకునే మనిషివి అన్నాడు. ఆగస్టులో ఒక మాట అన్నారు కదా సార్ అన్నాను. నేల చూపులు చూస్తూ నిజమే చెప్పాడు, ఆ మాటకొస్తే.

“మనం ఇంతదూరం వస్తామని అప్పుడెవరనుకున్నారు చెప్పు.”

సరేనన్నాను. ఈ ఏడాది ఆ మాట ఎన్నిసార్లన్నానో.

మే 9

మా ఆవిడ ఇంట్లో గిన్నెలన్నీ తోమింది. శుభ్రంగా ఉన్నవి కూడా.

అన్నయ్యకి చెప్పలేదు.

మే 11

ఆదివారం. పొడుగోడు వచ్చాడు. గేటు దగ్గరే నిలబడ్డాడు. నేనడగలేదన్నా, నాతో కూడా ఎనిమిదో తారీకునే చెప్పారు అన్నాడు. నమ్మాను. వాడు అడిగే రకం కాదు. లోపలికి రమ్మన్నాను. మా ఆవిడ టీ ఇచ్చింది. చక్కెర వెయ్యలేదు. వాడు తాగేశాడు. పాప పెరట్లోకి లాక్కెళ్ళింది. గేటువైపు కొడతాను బాబాయ్ అంది. వాడు నావైపు చూసి, నిజమే చెప్తుందా అని అడిగాడు. ఆ మాటకి నవ్వాను అప్పుడు.

మే 16, సాయంత్రం 5

హోటల్. కీపర్లిద్దరికీ ఒకటే గది, ఎప్పట్లాగే. పొడుగోడు మంచమ్మీద కాళ్ళు బయటికి పెట్టి పడుకున్నాడు. రేపు పెనాల్టీలదాకా వెళ్తే నీ పాత క్లబ్బువాళ్ళ సంగతి చెప్తావా అన్నా అని అడిగాడు. వీడియోలు చూశావుగా అన్నాను. చూశాను, అవి మ్యాచ్‌లవి, నువ్వు రోజూ చూసినవాడివి కదా అన్నాడు. అవసరమైతే అప్పుడే చెప్తా, ఇప్పుడు చెప్తే రాత్రంతా అదే నెమరేస్తావు అన్నాను.

వాడు స్నానానికెళ్ళాక ఒక ఆలోచన వచ్చింది. కుడి అయితే ఎడమ అని చెప్పొచ్చు. ఎవరికీ తెలియదు. వాళ్ళు వైపు మార్చారనుకుంటారు. తలుపు దగ్గర తడిబట్టలు వేసుకుని ఎదురుచూసే మనిషిలా కాసేపు నిలబడింది ఆ ఆలోచన. తర్వాత పోయింది. వచ్చిందన్నది మాత్రం నిజం.

మే 17, ఉదయం 7

గ్లవ్స్ ఉతికాను. దేనికో.

మే 18

రాయాలి. లేకపోతే ఇంకోలా గుర్తుండిపోతుంది.

ఆట మంచిదేమీ కాదు. మధ్యాహ్నపు ఎండ, భయపడ్డ రెండు జట్లు. 0-0. ఎక్స్‌ట్రా టైమ్ కూడా 0-0. పొడుగోడు బాగానే ఆడాడు. రెండు మంచివి ఆపాడు. నేను బెంచీ మీద కూర్చున్నాను. దుప్పటి బ్యానర్ అక్కడే ఉంది, కానీ ఎవరూ పాడలేదు. ఎదురుగా గోల్ వెనక మూడో వరసలో అన్నయ్య. పొద్దున్నే ఫోన్‌లో చెప్పాను ఆడటంలేదని. ఊఁ అన్నాడు. బయల్దేరిపోయాను కదా అన్నాడు.

పెనాల్టీలు ఆ గోల్‌లోనే.

పొడుగోడు నీళ్ళ కోసం వచ్చాడు. ముఖం తెల్లగా ఉంది. చెప్పన్నా అన్నాడు. వాడి మెడ పట్టుకుని దగ్గరికి లాగి చెవిలో చెప్పాను. వాళ్ళ కెప్టెన్ నీ కుడికి, నేలబారుగా. బట్టతలవాడు నీ ఎడమకి. కొత్తగా వచ్చిన వింగర్ నాకు తెలియదు, నీ ఇష్టం. బక్కోడు సరిగ్గా మధ్యలో కొడతాడు, వాడికి కదలకుండా నిలబడు. ఆఖర్న లెఫ్ట్ బ్యాక్ వస్తే నీ కుడికి, పైకి. రెండుసార్లు చెప్పాను. వాడు తలూపుతూ నా కళ్ళలోకి చూశాడు. కొంచెం ఎక్కువసేపు చూశాడు. అప్పుడు భయమనుకున్నాను.

మొదట వాళ్ళ కెప్టెన్. బంతి కుడికి, నేలబారుగా. పొడుగోడు ఎడమకి దూకాడు. కంగారు పడ్డాడనుకున్నాను. మావాడు గోల్ కొట్టాడు. రెండోది బట్టతలవాడు. బంతి ఎడమకి. పొడుగోడు కుడికి. నా పక్కన మాష్టారు నావైపు తిరిగాడు. మావాడు కొట్టాడు. మూడోది ఆ వింగర్, నాకు తెలియదన్నవాడు. పొడుగోడు ఎటో ఒకవైపు దూకాడు, ఆపేశాడు. స్టేడియం లేచింది. మాది స్తంభానికి తగిలింది. నాలుగోది బక్కోడు. అప్పుడు అర్థమైంది నాకు. వాడు బంతి పెట్టుకుంటుంటేనే అర్థమైంది. లేచి నిలబడ్డాను. నిలబడు, కదలకు అని అరిచాను. ఆ గోలలో నా అరుపెంత. బక్కోడు మధ్యలో కొట్టాడు. పొడుగోడు అప్పటికే ఎడమకి పడివున్నాడు. బంతి వాడి కాళ్ళమీదుగా తీరిగ్గా వెళ్ళింది.

మాది గోల్. ఐదోది లెఫ్ట్ బ్యాక్. కుడికి, పైకి. పొడుగోడు ఎడమకి.

మా కెప్టెన్ ఆఖరిది గోల్ మీదుగా స్టాండ్స్‌లోకి కొట్టాడు. ఓడిపోయాం.

తెలియదన్న ఒక్కటే ఆపాడు. తెలుసన్న నాలుగూ వదిలేశాడు.

మే 18, మధ్యాహ్నం

అన్నయ్యని బస్సెక్కించాను. స్టాండులో టీ తాగాం. నువ్వు వాడి చెవిలో చాలాసేపు చెప్పావు, నేను చూశాను అన్నాడు. ఆ తర్వాత వాడు ఒక్కటి తప్ప దేనికీ సరైన వైపు పోలేదు అన్నాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, నా భుజమ్మీద చెయ్యేశాడు.

“మంచి పని చేశావురా. నీ చోటు లాక్కున్నవాడికి అలాగే కావాలి.”

అన్నయ్య నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. అలా కాదు అన్నయ్యా అన్నాను. నా దగ్గర కూడానా అని కన్నుగీటాడు. బస్సొచ్చింది.

మే 20

కోచ్ పిలిచాడు. ఈసారి గదిలోకి పిలిచాడు. కుర్చీ కూడా చూపించాడు.

నువ్వు పొడుగోడికేం చెప్పావు అని అడిగాడు. చెప్పాను. మరి వాడు నాలుగూ తప్పు వైపు ఎందుకు దూకాడు అన్నాడు. వాణ్ణే అడగండి అన్నాను. అడిగాం, ఆ గోలలో నువ్వేం చెప్పావో గుర్తులేదంటున్నాడు అన్నాడు. నేను నిజమే చెప్పాను సార్ అన్నాను. ఆయన తలూపాడు. నమ్మినవాడు ఊపినట్టు లేదు. పాత క్లబ్బు మీద అభిమానం ఎవరికైనా ఉంటుందిలే అన్నాడు, ఏదో నాకు సర్దిచెబుతున్నట్టు. వచ్చే ఏడాదికి కొత్త కుర్రాణ్ణి చూస్తున్నాం, నీకు కూడా మార్పు మంచిదే కదా అన్నాడు.

సరే అనలేదు.

లాకర్ ఖాళీ చేస్తుంటే కెప్టెన్ వచ్చి చెయ్యిచ్చాడు. ఆఖరి పెనాల్టీ గాల్లోకి కొట్టినవాడు మూడు రోజులుగా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటున్నాడు, నింద నామీదికి మళ్ళిందిగా. మాష్టారు కనబడలేదు. గ్లవ్స్ ఒక జత, సెమీఫైనల్ రోజు ఆయన పట్టుకెళ్ళినవి, ఉతికి నా సంచీలో పెట్టి ఉన్నాయి.

మే 21

పొద్దున కాఫీ ఇస్తూ మా ఆవిడ కూడా అడిగింది. నాకు చెప్పు, ఎవరితోనూ అనను, నిజమే చెప్పావా అంది.

మే 25

ఆదివారం. పొడుగోడు వస్తాడనుకోలేదు. వచ్చాడు. గుమ్మం దగ్గర వంగడం మర్చిపోయి నుదురు కొట్టుకున్నాడు. మా ఆవిడ పాపని తీసుకుని బజారుకి పోయింది.

వాడు మ్యాచ్ వీడియో చూశాడట. ఒకటికి పదిసార్లు చూశాడట. నువ్వు నిజమే చెప్పావన్నా అన్నాడు. చెప్పాను కదరా అన్నాను. మరి ఎందుకు చెప్పావు అన్నాడు. నాకు అర్థంకాలేదు. వాడు కిందే, గోడకానుకుని కూర్చున్నాడు. ఏడుస్తాడేమోనని భయమేసింది. ఏడవలేదు.

“నా చోట్లో నువ్వుండి, నీ చోట్లో నేనుంటే, నేను అబద్ధం చెప్పేవాణ్ణన్నా. అందుకే తిరగేసి దూకాను.”

ఫ్రిజ్ మోగుతూ ఉంది. మరి కోచ్‌తో గుర్తులేదని ఎందుకన్నావు అని అడిగాను. నీళ్ళు నమిలాడు. వచ్చే ఏడాది నాతో కాంట్రాక్టు రాస్తారో రాయరో, నువ్వెలాగూ వెళ్ళిపోతున్నావు కదన్నా అన్నాడు. గొంతులో కల్లాకపటం లేదు. ఎప్పట్లాగే, గ్లవ్స్ ఎలా ఆరెయ్యాలని అడిగినట్టే అన్నాడు.

టీ పెట్టి ఇచ్చాను. చక్కెర వేశాను. వెళ్ళేటప్పుడు పాపకి బంతి ఇచ్చి వెళ్ళాడు, ఫైనల్ బంతి, మీద అందరి సంతకాలూ ఉన్నాయి. నాది లేదు.

జూన్ 3

రెండు క్లబ్బులకి ఫోన్ చేశాను. ఒకరు వయసడిగారు. ఒకరు ఫైనల్ సంగతి విన్నామన్నారు.

జూన్ 14

అన్నయ్య దగ్గరికొచ్చేశాం. ప్రస్తుతానికి అని అనుకుంటున్నాం. తెల్లవారకముందే లేచి ఆవుల కింద కడిగి, మేత వేసి, పాలక్యాన్లు రోడ్డుదాకా మోస్తున్నాను. నడుం నొప్పెడుతోంది. అన్నయ్య ఊళ్ళో కనబడ్డవాళ్ళకల్లా నన్ను చూపించి ఆ ఫైనల్ కథ చెప్తున్నాడు. మావాడు ఎలా దెబ్బతీశాడో చూశారా అని. పాలబండివాడు దిగొచ్చి మరీ నాకు చెయ్యిచ్చాడు. మొదట్లో కాదని చెప్పేవాణ్ణి. అందరూ కన్నుగీటుతున్నారు. మానేశాను.

జూన్ 22

కొట్టం వెనక, రెండు పాలక్యాన్ల మధ్య నిలబడ్డాను. నాన్నా, తొట్టివైపు కొడతాను అంది పాప.

ముందే దూకేశాను, కొట్టంవైపు.

బంతి తొట్టివైపు వెళ్ళింది. అది గంతులెయ్యలేదు. నా దగ్గరికొచ్చి నిలబడింది.

“చెప్పాను కదా నాన్నా.”